జిప్‌లో వచ్చిన జావా ప్రాజెక్టు: ఏ ఐడీఈలో, ఏ దారిన తెరవాలి?

రాత్రి పదింటికి సీనియర్ దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఒక ఫైలు వస్తుంది. పేరు ‘ఫైనల్ ప్రాజెక్ట్ లేటెస్ట్ 2’, చివర డాట్ జిప్. పొద్దున్నే రివ్యూ. ఎక్లిప్స్ అనే ఐడీఈ (జావా కోడ్ రాసి నడిపే సాఫ్ట్‌వేర్) తెరిచి, ఇంపోర్ట్ నొక్కి, జిప్ చూపిస్తే ‘నో ప్రాజెక్ట్స్ ఆర్ ఫౌండ్ టు ఇంపోర్ట్’ అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది. ఇక సలహాలు మొదలు. ఎక్లిప్స్ పాతబడింది, ఇంటెల్లిజే అనే ఇంకో ఐడీఈ వేసుకో అంటారొకరు. వీఎస్ కోడ్ చాలదా అంటారు ఇంకొకరు. మూడోవాడు జావా వర్షన్ మార్చమంటాడు. మా మేనల్లుడు కిందటేడు ఈ ముగ్గురి మాటా విని తెల్లారేసరికి మూడు ఐడీఈలు దించుకున్నాడు. ప్రాజెక్టు మాత్రం దేంట్లోనూ లేవలేదు. చూస్తే ఆ జిప్‌లో ఉన్నది ఇంకో జిప్.

అందుకే నన్నెవరైనా ఏ ఐడీఈ మంచిదని అడిగితే, ముందు జిప్‌లో ఏముందో చూసి రమ్మంటాను. ఏ దారిన తెరవాలో ఆ లోపలి సరుకే చెబుతుంది. ఇక్కడ జావా ప్రాజెక్టుల గురించే రాస్తున్నాను, మన కాలేజీల్లో, అమీర్‌పేట కోర్సుల్లో చేతులు మారేవి ఎక్కువగా అవే కాబట్టి.

ముందు మూత తీసి చూడండి

విండోస్‌లో జిప్ మీద రెండుసార్లు నొక్కితే లోపలి ఫైళ్లు కనిపిస్తాయి. అలా కనిపించినంత మాత్రాన విప్పినట్టు కాదు. అక్కణ్నుంచే ఫైలు తెరిచి దిద్దుకుంటూ పోయేవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లు దిద్దేది ఒక తాత్కాలిక నకలుని. కాబట్టి కుడి బటన్ నొక్కి ‘ఎక్స్‌ట్రాక్ట్ ఆల్’ ఇచ్చి నిజంగా విప్పండి. అదీ డౌన్‌లోడ్స్‌లోనో, వన్‌డ్రైవ్‌కి సింక్ అయ్యే డెస్క్‌టాప్ మీదో కాకుండా, సీ డ్రైవ్‌లో ‘వర్క్’ లాంటి పొట్టి పేరున్న ఫోల్డరులో. విండోస్‌లో ఫైలు దారి పొడవుకి మామూలుగా 260 అక్షరాల హద్దు ఉంది. జావా ప్యాకేజీల ఫోల్డర్లు అసలే ఒకదాంట్లో ఒకటి దూరి ఉంటాయి. పైన మీ ‘న్యూ ఫోల్డర్’లు నాలుగు చేరితే కొన్ని ఫైళ్లు విప్పుకోకుండానే మిగిలిపోతాయి.

విప్పాక ఫోల్డరులో అదే పేరుతో మళ్లీ ఒక ఫోల్డరు ఉండటం మామూలే. అసలు ఫైళ్లు కనిపించే మెట్టు దాకా దిగండి, ప్రాజెక్టు మొదలు అదే. హిడెన్ ఫైళ్లు కనిపించేట్టు పెట్టుకుని ఆ మెట్టు మీద ఏముందో చూడండి.

మేవెన్, గ్రేడిల్ అనేవి లైబ్రరీలు తెచ్చి ప్రాజెక్టుని కట్టిపెట్టే పనిముట్లు. పామ్ ఎక్స్‌ఎంఎల్ అనే ఫైలు ఉంటే అది మేవెన్ ప్రాజెక్టు. బిల్డ్ డాట్ గ్రేడిల్ ఉంటే గ్రేడిల్ ప్రాజెక్టు. ఈ రెంటిలో ఏదున్నా మీ పని సగం తేలికైనట్టే, కావలసిన లైబ్రరీల జాబితా అందులోనే రాసి ఉంటుంది కనుక. అవి లేకుండా డాట్ ప్రాజెక్ట్, డాట్ క్లాస్‌పాత్ అనే ఫైళ్లుంటే అది ఎక్లిప్స్ బిడ్డ. ఎన్‌బీప్రాజెక్ట్ ఫోల్డరుంటే నెట్‌బీన్స్‌ది. డాట్ ఐడియా ఉంటే ఇంటెల్లిజేది. ఇవేవీ లేకుండా కోడ్ ఉండే ఒట్టి ఎస్‌ఆర్‌సీ ఫోల్డరు, పక్కన నాలుగు జార్ ఫైళ్లు (జావా లైబ్రరీల మూటలు) ఉంటే అది అనాథ. ఎవరైనా పెంచుకోవచ్చు, కానీ పేరు మీరే పెట్టాలి.

ఇంకో రకం ఉంది, అసలు సోర్సే, అంటే మనిషి రాసిన కోడే లేనిది. జార్ అయినా, వెబ్ ప్రాజెక్టుల మూట అయిన వార్ అయినా లోపల జిప్ పద్ధతిలోనే ఉంటాయి. విప్పితే చక్కగా విప్పుకుంటాయి, కానీ లోపల ఉండేవి క్లాస్ ఫైళ్లు, అంటే కంపైల్ అయిపోయిన కోడ్. ఎక్లిప్స్‌లో వార్ ఎగుమతి చేసేటప్పుడు ‘ఎక్స్‌పోర్ట్ సోర్స్ ఫైల్స్’ అని ఒక టిక్కు ఉంటుంది, చాలామంది దాన్ని పట్టించుకోరు. పంపినవారు ఆ టిక్కు పెట్టి ఉంటే వెబ్ ఇన్ఫ్ లోపలి క్లాసెస్ ఫోల్డరులో జావా ఫైళ్లు కనబడతాయి. లేకపోతే ఏ ఐడీఈ మార్చినా దండగే. ఫోన్ చేసి సోర్సు అడగండి.

ఎక్లిప్స్: మూడు తలుపులు, మూడూ వేరు

ఎక్కువమంది తడబడేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. ఇంపోర్ట్ నొక్కి, జనరల్ కింద చూస్తే ఒకేలా వినిపించే పేర్లు మూడు ఉంటాయి.

‘ఎగ్జిస్టింగ్ ప్రాజెక్ట్స్ ఇంటూ వర్క్‌స్పేస్’ అనేది మొదటిది. ఇందులో ఫోల్డరైనా చూపించవచ్చు, ‘సెలెక్ట్ ఆర్కైవ్ ఫైల్’ ఎంచుకుని జిప్పైనా చూపించవచ్చు. ఇది వెతికేది డాట్ ప్రాజెక్ట్ ఫైలుని. అది దొరికితే చాలు, జిప్‌ని వర్క్‌స్పేస్‌లోకి (ఎక్లిప్స్ తన ప్రాజెక్టులు పెట్టుకునే ఫోల్డరు) తనే విప్పుకుంటుంది. దొరక్కపోతే పైన చెప్పిన ఆ ఒక్క ముక్క చెప్పి తలుపేస్తుంది. పంపినవారు ఎక్లిప్స్ నుంచే ‘ఆర్కైవ్ ఫైల్’గా ఎగుమతి చేసిన జిప్ అయితే దీనికి మించిన దారి లేదు, నేను విప్పమన్నది కూడా అప్పుడు అవసరం లేదు. రార్ ఫైలుని మాత్రం ఇది తీసుకోదు. జిప్, జార్, టార్ కుటుంబం వరకే.

ఈ తలుపు దగ్గర రెండు చిక్కులున్నాయి. ప్రాజెక్టు పేరు ఫోల్డరు పేరుని బట్టి రాదు, డాట్ ప్రాజెక్ట్ ఫైలులో రాసి ఉన్నదే పేరు. క్లాసులో సగంమంది దగ్గర ఉన్నది ఒకే ‘ఆన్‌లైన్ షాపింగ్’ కాబట్టి, మీ వర్క్‌స్పేస్‌లో ఆ పేరు ముందే ఉంటే కొత్తది టిక్కు పెట్టనివ్వదు. ఫోల్డరు పేరు మార్చి లాభం లేదు. జిప్ విప్పి, ఆ ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిచి, నేమ్ అన్నచోట పేరు మార్చండి. రెండో చిక్కు, జిప్ బదులు ఫోల్డరు చూపించినప్పుడు ‘కాపీ ప్రాజెక్ట్స్ ఇంటూ వర్క్‌స్పేస్’ టిక్కు వదిలేస్తే ప్రాజెక్టు ఉన్నచోటే ఉంటుంది, ఎక్లిప్స్ దాన్ని దూరం నుంచి చూస్తుంటుంది. నెల తర్వాత డౌన్‌లోడ్స్ ఖాళీ చేస్తే ప్రాజెక్టు కూడా పోతుంది.

రెండో తలుపు పేరు ‘ఆర్కైవ్ ఫైల్’. మన దగ్గరున్నది ఆర్కైవ్ ఫైలే కదా అని అందరూ మొదట దీన్నే నొక్కుతారు. ఇది ప్రాజెక్టుని తీసుకురాదు. ఇప్పటికే ఉన్న ప్రాజెక్టులోకి జిప్ లోపలి ఫైళ్లను కుమ్మరిస్తుంది, అంతే. వేరే ప్రాజెక్టు మీద కుమ్మరిస్తే రెండూ కలగాపులగం. కానీ పైన చెప్పిన అనాథ జిప్‌కి ఇదే సరైన తలుపు. ముందు ఖాళీ జావా ప్రాజెక్టు ఒకటి మొదలుపెట్టి, దాని ఎస్‌ఆర్‌సీ మీద నిలబడి ఇంపోర్ట్ ఇవ్వండి. జిప్‌లో కూడా ఎస్‌ఆర్‌సీ అనే ఫోల్డరుంటే ప్రాజెక్టు మీదే నిలబడండి, లేకపోతే ఎస్‌ఆర్‌సీలో ఎస్‌ఆర్‌సీ అయి ప్యాకేజీ పేర్లన్నీ ఎర్రబడతాయి.

మూడోది ‘ప్రాజెక్ట్స్ ఫ్రమ్ ఫోల్డర్ ఆర్ ఆర్కైవ్’. 2016లో వచ్చిన నియాన్ వర్షన్‌తో చేరింది. డాట్ ప్రాజెక్ట్ లేకపోయినా లోపల వెతికి, ఇది మేవెన్, ఇది మామూలు జావా అని తనే పోల్చుకునే ప్రయత్నం చేస్తుంది. చాలాసార్లు సరిగ్గానే పోలుస్తుంది. నాకు నచ్చనిది ఒకటే. జిప్ ఇస్తే వర్క్‌స్పేస్‌లో జిప్ పేరుకి ‘ఎక్స్‌పాండెడ్’ అని తోక తగిలించి విప్పి పెడుతుంది. ఆరు నెలల తర్వాత ఆ ఫోల్డరు ఏమిటో ఎవరికీ గుర్తుండదు.

మేవెన్ ప్రాజెక్టయితే ఈ మూడూ వద్దు. విప్పాక, మేవెన్ కింద ‘ఎగ్జిస్టింగ్ మేవెన్ ప్రాజెక్ట్స్’ ఇచ్చి పామ్ ఉన్న ఫోల్డరు చూపించండి.

ఇంటెల్లిజే

ఇంటెల్లిజేలో ప్రాజెక్టుని జిప్‌గా ఎగుమతి చేసే మెనూ ఉంది. జిప్ నుంచి తెచ్చుకునేటప్పుడు మాత్రం విప్పిన ఫోల్డరే ఇవ్వాలి. మేవెన్‌కీ గ్రేడిల్‌కీ దీన్ని మించింది నేను చూడలేదు. ఓపెన్ ఇచ్చి, పామ్ ఫైలునే చూపించి, ‘ఓపెన్ యాజ్ ప్రాజెక్ట్’ అంటే మిగతాది అదే చూసుకుంటుంది. ఎక్లిప్స్ ప్రాజెక్టయితే ‘ప్రాజెక్ట్ ఫ్రమ్ ఎగ్జిస్టింగ్ సోర్సెస్’లో ఎక్లిప్స్ అని ఎంచుకుంటే డాట్ క్లాస్‌పాత్ చదివి తన భాషలోకి మార్చుకుంటుంది.

ఇబ్బంది జేఎస్పీ, సర్వ్‌లెట్ ప్రాజెక్టులతో, అంటే జావాతో కట్టిన వెబ్‌సైట్లతో. వాటిని టామ్‌క్యాట్ అనే వెబ్ సర్వరుతో జతచేసి ఐడీఈ లోపలినుంచే నడిపే సౌకర్యం డబ్బు కట్టేవాళ్లకి ఇచ్చారు. విద్యార్థులకు ఉచిత లైసెన్సు ఉంది, కానీ దరఖాస్తు పెట్టుకోవాలి. రేపు పొద్దున్న రివ్యూ ఉన్నవాళ్లు ఆ పని ఈ రాత్రి పెట్టుకోవద్దు. పాత సర్వ్‌లెట్ ప్రాజెక్టుకి నా ఓటు ఎక్లిప్స్‌కే. మేవెన్ లేదా స్ప్రింగ్ బూట్ అయితే మారుమాట లేకుండా ఇంటెల్లిజే.

నెట్‌బీన్స్, వీఎస్ కోడ్, ఆండ్రాయిడ్ స్టూడియో

నెట్‌బీన్స్‌ని చాలామంది మర్చిపోయారు గానీ జిప్ విషయంలో పద్ధతిగా ఉన్నది అదే. ఎగుమతిలో ‘టు జిప్’, దిగుమతిలో ‘ఫ్రమ్ జిప్’, రెండూ ఫైల్ మెనూలోనే. లోపల ఎన్‌బీప్రాజెక్ట్ ఉంటే అందులోనే తెరవండి. దాన్ని వేరే ఐడీఈకి మార్చే శ్రమ ఒక్క రోజు పనికి అక్కర్లేదు.

వీఎస్ కోడ్‌కి దిగుమతి అనే మాటే లేదు, ఫోల్డరు తెరవడమే. జావా ఎక్స్‌టెన్షన్ ప్యాక్ వేసుకుంటే, బిల్డ్ ఫైలు లేని అనాథ ప్రాజెక్టుల్లో లిబ్ అనే ఫోల్డరు లోపలి జార్లను తనంతట తానే కలుపుకుంటుంది. కోడ్ చదివి అర్థం చేసుకోవడానికి, వైవాలో అడిగేవాటికి తయారవడానికి ఇది హాయి. తెరవగానే ఈ ఫోల్డరులోని ఫైళ్లు రాసినవాళ్లని నమ్ముతారా అని అడుగుతుంది. ఇంటెల్లిజే కూడా అడుగుతుంది. అది మొక్కుబడి ప్రశ్న అనుకోవద్దు. గ్రేడిల్ ప్రాజెక్టుని తెరిచి సింక్ అవ్వనిస్తే బిల్డ్ ఫైలులో రాసిన కోడ్ మీ కంప్యూటర్లో నడుస్తుంది, మీరు రన్ నొక్కకపోయినా సరే. టెలిగ్రామ్ గ్రూపులో దొరికిన జిప్ అయితే ‘నమ్మను’ అని నొక్కి, ముందు బిల్డ్ ఫైలు చదవండి.

ఆండ్రాయిడ్ స్టూడియోకి గ్రేడిల్ ఫోల్డరు ఇవ్వండి. ముందుగా లోకల్ డాట్ ప్రాపర్టీస్ ఫైలు ఉంటే తీసేయండి. అందులో ఉండేది పంపినవారి కంప్యూటర్లోని ఎస్‌డీకే చిరునామా, మీదేదో స్టూడియో తనే రాసుకుంటుంది. జేసెంటర్ అనే లైబ్రరీల గిడ్డంగి మీద ఆధారపడిన పాత ప్రాజెక్టయితే, 2021లోనే దాని మూసివేత ప్రకటించారు కనుక బిల్డ్ ఫైలులో ఆ పేరున్నచోట మేవెన్ సెంట్రల్ పెట్టాలి. ఎక్లిప్స్‌లో ఆండ్రాయిడ్ రాసిన కాలం నాటి జిప్ దొరికితే మాత్రం, ఆ ప్లగిన్‌కి మద్దతు ఆపుతున్నామని గూగుల్ చెప్పి చాలా ఏళ్లయింది, 2015లోనే చెప్పింది. కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టి కోడ్ నకలు చేసుకోవడమే మేలు.

తెరుచుకుంది గానీ అంతా ఎర్రగా ఉంది

ఎక్లిప్స్‌లో ప్రాజెక్టు పేరు మీద ఎర్రటి ఆశ్చర్యార్థకం ఉంటే అది కోడ్ తప్పు కాదు, బిల్డ్ పాత్ (లైబ్రరీలు ఎక్కడున్నాయో చెప్పే జాబితా) తప్పు. డాట్ క్లాస్‌పాత్ తెరిచి చూస్తే, పంపినవారి డి డ్రైవ్‌లో ఎక్కడో ఉన్న ఓజేడీబీసీ (ఒరాకిల్ డేటాబేసుతో మాట్లాడే లైబ్రరీ) జార్ చిరునామా కనిపిస్తుంది. మీకు డి డ్రైవే ఉండకపోవచ్చు. ఆ జార్‌ని ప్రాజెక్టులోనే లిబ్ ఫోల్డరులో పెట్టి, బిల్డ్ పాత్‌లో పాతది తీసి ఇది కలపండి. రేపు మీరు ఇంకొకరికి పంపినా పనిచేస్తుంది.

‘హెచ్‌టీటీపీ సర్వ్‌లెట్ బిల్డ్ పాత్‌లో లేదు’ అని వస్తే ప్రాజెక్ట్ ప్రాపర్టీస్‌లో ‘టార్గెటెడ్ రన్‌టైమ్స్’ తెరిచి టామ్‌క్యాట్‌కి టిక్కు పెట్టండి. అయితే ఏ టామ్‌క్యాట్? ఇక్కడ పొరపాటు పడితే రాత్రంతా పోతుంది. సర్వ్‌లెట్లు, జేఎస్పీలు ఉండే జావా ఈఈ 2017లో ఎక్లిప్స్ ఫౌండేషన్‌కి వెళ్లాక ప్యాకేజీ పేర్లు జావాఎక్స్ నుంచి జకార్తాకి మారాయి. టామ్‌క్యాట్ 10 నుంచి కొత్త పేర్లే చెల్లుతాయి. మన చేతికొచ్చే పాత ప్రాజెక్టుల్లో ఉండేవి జావాఎక్స్ పేర్లు. వాటికి టామ్‌క్యాట్ 9 వేసుకోండి, కోడ్ ముట్టుకోవద్దు.

జావా వర్షన్ గొడవని ఒక అంకె పట్టిస్తుంది. ‘అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వర్షన్’ అని చెప్పి పక్కన 52 అంటే జావా 8, 55 అంటే 11, 61 అంటే 17, 65 అంటే 21. గ్రేడిల్ సింక్‌లో 61 కనిపిస్తే, ప్రాజెక్టుతో వచ్చిన గ్రేడిల్ మీ జావా 17 కన్నా పాతదన్నమాట. జావా 17తో నడవాలంటే గ్రేడిల్ 7.3 అయినా ఉండాలి, 21కి 8.5. గ్రేడిల్‌ని పెంచడం కన్నా ఆ ఒక్క ప్రాజెక్టుకి పాత జేడీకే (మెషిన్లో వేసుకునే జావా) చూపించడం తేలిక. జావా 8 నాటి కోడ్ 11లో జావాఎక్స్ ఎక్స్‌ఎంఎల్ బైండ్ అనే ప్యాకేజీ దొరకలేదని మొరాయిస్తే కారణం కూడా అలాంటిదే, 11లో దాన్ని జేడీకే నుంచి తీసేశారు.

తెలుగు అక్షరాలు పిచ్చిగీతలైతే

ఈ బాధ మనకి, మనలాంటి లిపులు రాసేవాళ్లకి ప్రత్యేకం. ఇంటర్‌ఫేస్ తెలుగులో పెట్టిన ప్రాజెక్టుని తెరవగానే ‘స్వాగతం’ ఉండాల్సినచోట, నెత్తిన గీత ఉన్న చిన్న ఏ, దాని పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ అదే ఏ, ఈసారి పక్కన ప్లస్ మైనస్ గుర్తు, ఇలా వరస కడతాయి. కంగారు పడొద్దు, అక్షరాలు ఇంకా బతికే ఉన్నాయి. అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతిని ఎన్‌కోడింగ్ అంటారు. యూటీఎఫ్ 8 అనే ఎన్‌కోడింగ్‌లో ఒక్కో తెలుగు అక్షరానికి మూడు బైట్లు, వాటిలో మొదటిది అన్నిటికీ ఒకటే. ఆ బైట్లని విండోస్ పాత ఇంగ్లిషు ఎన్‌కోడింగ్‌లో చదివితే కనిపించే ఆకారం ఇది.

ఈ స్థితిలో చేయకూడని పని సేవ్ కొట్టడం. తప్పు ఎన్‌కోడింగ్‌లో దిద్ది సేవ్ చేసుకుంటూ పోతే చివరికి ప్రశ్నార్థకాలు మిగులుతాయి, వాటి నుంచి వెనక్కి దారి లేదు. ఎక్లిప్స్‌లో ప్రాజెక్ట్ ప్రాపర్టీస్ లోపల రిసోర్స్ దగ్గర, ఇంటెల్లిజేలో ఫైల్ ఎన్‌కోడింగ్స్ దగ్గర యూటీఎఫ్ 8 పెట్టండి. వీఎస్ కోడ్‌లో కింది పట్టీ మీద ఎన్‌కోడింగ్ పేరు నొక్కి ‘రీఓపెన్ విత్ ఎన్‌కోడింగ్’ ఇవ్వండి, ‘సేవ్ విత్’ కాదు.

ఎడిటర్లో బాగానే ఉండి నడిపినప్పుడు పాడైతే జావా వర్షన్ చూడండి. జావా 18 నుంచి యూటీఎఫ్ 8 డిఫాల్టు అయింది. అంతకుముందు విండోస్ ఏది చెబితే అదే. తెర మీది మాటలు, సెట్టింగులు రాసుకునే ప్రాపర్టీస్ ఫైళ్లది ఇంకో తంతు. రిసోర్స్ బండిల్‌గా చదివితే జావా 9 నుంచి యూటీఎఫ్ 8 చెల్లుతుంది. ప్రాపర్టీస్ క్లాసుతో ఇన్‌పుట్ స్ట్రీమ్ నుంచి నేరుగా లోడ్ చేస్తే మాత్రం ఇప్పటికీ పాత లాటిన్ పద్ధతే. ఆ ఫైళ్లలో వెనక్కి వాలిన గీత, యూ, తర్వాత సున్నా, సీ అని మొదలయ్యే అంకెల గుంపులు కనిపిస్తే అవి చెత్త కాదు, తెలుగు అక్షరాల యూనికోడ్ సంఖ్యలు. ఉండనివ్వండి.

జిప్ కాకుండా ఇంకేం అడగొచ్చు

పంపేవారు మీ మాట వినేవారైతే జిప్ బదులు గిట్ (కోడ్‌లో మార్పుల చరిత్రని దాచే పనిముట్టు) లింకు అడగండి. గిట్‌హబ్‌లో ఉన్న ప్రాజెక్టుని కూడా ‘డౌన్‌లోడ్ జిప్’ నొక్కి తెచ్చుకునేవాళ్లున్నారు. అందులో ఆ ఒక్క క్షణపు ఫైళ్లే వస్తాయి, చరిత్ర రాదు, సబ్‌మాడ్యూళ్ల (లోపల చేర్చిన వేరే గిట్ ప్రాజెక్టుల) ఫోల్డర్లు ఖాళీగా వస్తాయి. క్లోన్ చేస్తే చరిత్ర అంతా వస్తుంది. నెట్ లేని ల్యాబ్‌కి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లాలంటే ‘గిట్ బండిల్’ అని ఒక ఆదేశం ఉంది. చరిత్రతో సహా మొత్తం రిపాజిటరీని ఒకే ఫైలుగా కడుతుంది, అవతల దాన్నుంచే క్లోన్ చేసుకోవచ్చు. ఇంత పనికొచ్చేది ఇంత తక్కువమందికి తెలియడం నాకు వింతగానే ఉంటుంది.

లినక్స్‌లో పనిచేసేవాళ్లు ఒకరికొకరు పంపుకునేటప్పుడు టార్ జీజడ్ మేలు, ఫైళ్ల అనుమతులు అలాగే ఉంటాయి. విండోస్‌లో కట్టిన జిప్‌ని ఉబుంటూలో విప్పితే గ్రేడిల్‌డబ్ల్యూ (గ్రేడిల్‌ని నడిపే స్క్రిప్టు) ‘పర్మిషన్ డినైడ్’ అనొచ్చు. సీహెచ్‌మోడ్‌తో నడిపే అనుమతి ఇవ్వండి. అప్పటికీ ‘బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్’ అంటే వరుసల చివర విండోస్ గుర్తులు మిగిలాయి, డాస్‌టుయూనిక్స్ నడిపితే పోతాయి.

జిప్‌తోనే సరిపెట్టుకోవాల్సి వస్తే, విప్పగానే ఏ ఐడీఈలోనూ తెరవకముందే ఆ ఫోల్డరులో గిట్ ఇనిట్ చేసి ఒక కమిట్ వేయండి. తర్వాత ఐడీఈ ఏ ఫైలు మార్చిందో, మీరేం మార్చారో తేడా తెలుస్తుంది. మా మేనల్లుడి ప్రాజెక్టు చివరికి ఎక్లిప్స్ మొదటి తలుపులోంచే వచ్చింది, లోపలి జిప్‌ని చూపించాక. టామ్‌క్యాట్ లేచింది, లాగిన్ పేజీ కనబడింది, సబ్‌మిట్ నొక్కితే తెల్ల తెర. డేటాబేసు పట్టికలు పంపినవారి కంప్యూటర్లోనే ఉన్నాయి మరి. కాబట్టి జిప్ అడిగినప్పుడే మై ఎస్‌క్యూఎల్ డంప్ ఫైలు (డేటాబేసు పట్టికల నకలు) కూడా అడగండి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఏ క్లాసులో రాసి ఉన్నాయో కూడా.